‘ఇప్పుడు చిన్న కంపెనీ అయ్యాం కదా, ఇంకా డీమ్యాట్ ఎందుకు?’ అన్న ప్రశ్నకు వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పెయిడప్ క్యాపిటల్ (వాటాదారులు చెల్లించిన మూలధనం) 5.20 కోట్ల రూపాయలు, 2022–23లో టర్నోవర్ 31 కోట్లు. వాటాదారులు నలుగురు: మీరు, మీ తమ్ముడు, మీ బాబాయి, నిరుడు కాలం చేసిన మీ నాన్నగారు. షేర్ సర్టిఫికెట్లు ఇంకా డీమ్యాట్ (ఎలక్ట్రానిక్ రూపం) కాకుండా కాగితాలుగానే బీరువాలో ఉన్నాయి. 2025 డిసెంబరులో ‘చిన్న కంపెనీ’ పరిమితులు పెరిగాయి కాబట్టి ఇక డీమ్యాట్ గొడవ మనకు లేదని మీ ఆడిటర్ గారు చెప్పారు. ఇప్పుడు మీరు నాన్నగారి షేర్లను మీ ఇద్దరి పేర్ల మీదికి మార్చుకుని, ఆపైన రైట్స్ ఇష్యూ ద్వారా, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇచ్చి, కోటిన్నర తెచ్చుకోవాలనుకుంటున్నారు. ఆడిటర్ గారి మాట నిజమేనా, ఇంకా ఏమేం మారాయి అన్నది మీ ప్రశ్న.

ఆయన మాటలో మొదటి సగం నిజం. రెండో సగాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పాలంటే తేదీల దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే కంపెనీ చట్టంలో ఈమధ్య వచ్చిన మార్పుల్లో ఎక్కువ గందరగోళం ఏ పరిమితి ఏ రోజున వర్తిస్తుందన్న దగ్గరే పుడుతోంది.

2013 నాటి కంపెనీల చట్టంలో సెక్షన్ 2(85) చిన్న కంపెనీ అంటే ఏమిటో చెబుతుంది. పెయిడప్ క్యాపిటల్, టర్నోవర్ రెండూ నిర్ణీత పరిమితులకు లోబడి ఉండాలి. ఒకటి లోపల ఉండి రెండోది దాటినా అది చిన్న కంపెనీ కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితులు వరుసగా 2 కోట్లు, 20 కోట్లు. 2022 సెప్టెంబరు 15 నుంచి 4 కోట్లు, 40 కోట్లు. 2025 డిసెంబరు 1 నుంచి 10 కోట్లు, 100 కోట్లు. చట్టం ప్రభుత్వానికి ఇచ్చిన గరిష్ఠ పరిమితి కూడా అదే, కాబట్టి పార్లమెంటు సెక్షన్‌ను సవరిస్తే తప్ప ఇంతకుమించి పెరగదు.

ఇక డీమ్యాట్ సంగతి. 2023 అక్టోబరు 27న కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ప్రాస్పెక్టస్, సెక్యూరిటీల కేటాయింపు నిబంధనల్లో 9బీ అనే కొత్త నిబంధనను చేర్చింది. అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదు కాని) పబ్లిక్ కంపెనీలకు 2018 అక్టోబరు 2 నుంచి ఉన్న డీమ్యాట్ బాధ్యతనే దీని ద్వారా చిన్న కంపెనీలు కాని ప్రైవేట్ కంపెనీల మీదికీ తెచ్చారు. 2023 మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ ముగిసిన ఏదైనా ఆర్థిక సంవత్సరం చివరి రోజున, ఆ సంవత్సరపు ఆడిటైన లెక్కల ప్రకారం చిన్న కంపెనీ కాని ప్రైవేట్ కంపెనీ, ఆ సంవత్సరం ముగిసిన 18 నెలల్లోగా ఈ నిబంధనను పాటించి తీరాలి. మీ లెక్క చూద్దాం. 2023 మార్చి 31న అమల్లో ఉన్న పరిమితులు 4 కోట్లు, 40 కోట్లు. మీ టర్నోవర్ పరిమితి లోపలే ఉంది, క్యాపిటల్ దాటింది. కాబట్టి ఆ రోజున మీది చిన్న కంపెనీ కాదు. గడువు 2024 సెప్టెంబరు 30తో ముగియాలి. మీలాంటి కంపెనీల కోసం 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆ ఏడాది జూన్ 30 వరకు పొడిగించారు. ఆ తేదీ కూడా దాటిపోయింది. డిసెంబరులో కొత్త పరిమితులు వచ్చేనాటికే మీరు అయిదు నెలలుగా ఉల్లంఘనలో ఉన్నారు.

ఇప్పుడు చిన్న కంపెనీ అయినంత మాత్రాన అప్పుడు పుట్టిన బాధ్యత రద్దవుతుందా అంటే, 9బీలో అలా చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. ఒకసారి పరిధిలోకి వచ్చిన కంపెనీ తర్వాత చిన్నదైతే బయటికి పోవచ్చని రాయదలచుకుంటే రాసేవారే; ప్రభుత్వ కంపెనీలకు మినహాయింపు ఇవ్వడానికి ఒక ఉపనిబంధన రాశారు కదా. బాధ్యత ‘అప్పటి చివరి రోజు’ స్థితికి ముడిపడి ఉంది తప్ప ఈనాటి స్థితికి కాదు. దీన్ని వేరేలా చదివేవారు వృత్తిలో ఉన్నారు, వారి వాదనను నేను తీసిపారేయను. కానీ ఆ వాదన మీద ఆధారపడి మీ కంపెనీని నడపమని నేను చెప్పను, ముఖ్యంగా మీరు షేర్లు కేటాయించబోతున్న ఈ సమయంలో.

ఇక్కడే ఒక పక్కమాట. ఇంకో కంపెనీకి హోల్డింగ్ కంపెనీగా గానీ సబ్సిడియరీగా గానీ ఉన్న కంపెనీ ఎంత చిన్నదైనా సెక్షన్ 2(85) ప్రకారం చిన్న కంపెనీ కాదు. లక్ష రూపాయల క్యాపిటల్‌తో, సున్నా టర్నోవర్‌తో ఒక స్థలం కోసం మాత్రమే పెట్టిన సబ్సిడియరీకి కూడా 9బీ వర్తిస్తుంది. మీ కంపెనీ పేరున మరో కంపెనీలో సగానికి మించి వాటా ఉంటే ఈ సమాధానంలో చిన్న కంపెనీ సౌకర్యాల గురించి రాసినదంతా మీరు కొట్టేసుకోవచ్చు.

ఉల్లంఘనకు శిక్ష ఎంతో కూడా చూద్దాం. 9బీకి ప్రత్యేకమైన జరిమానా లేదు కాబట్టి సెక్షన్ 450 వర్తిస్తుంది: 10,000 రూపాయలు, ఉల్లంఘన కొనసాగితే మొదటి రోజు తర్వాత రోజుకు వెయ్యి చొప్పున, కంపెనీకి గరిష్ఠంగా 2 లక్షలు, బాధ్యుడైన ప్రతి అధికారికి గరిష్ఠంగా 50,000. జూలై 1 నుంచి లెక్కిస్తే మీ డైరెక్టర్ల పరిమితి ఆగస్టు రెండో వారానికే నిండింది, కంపెనీది 2026 జనవరి మొదటి వారానికి నిండింది. అంటే ఆలస్యం చేసినకొద్దీ ఈ పద్దు కింద జరిమానా పెరగదు, నిజమే. అసలు నష్టం జరిమానాలో లేదు. నిబంధన ప్రకారం గడువు తర్వాత కంపెనీ ఏ షేర్లు ఆఫర్ చేయాలన్నా, బోనస్, రైట్స్, బైబ్యాక్ ఏదైనా సరే, ముందు ప్రమోటర్లు, డైరెక్టర్లు, ముఖ్య నిర్వాహక అధికారుల మొత్తం వాటా డీమ్యాట్‌లో ఉండాలి. షేర్లు బదిలీ చేసే వ్యక్తి ముందు వాటిని డీమ్యాట్ చేయించుకోవాలి. కొత్తగా షేర్లు తీసుకునే వ్యక్తి దగ్గరున్న పాత షేర్లన్నీ అప్పటికే డీమ్యాట్‌లో ఉండాలి. వీటిని పక్కనపెట్టి కోటిన్నర రైట్స్ ఇష్యూ చేశారనుకోండి, రేపు బ్యాంకు టర్మ్ లోన్ ఇచ్చే ముందు గానీ, ఎవరైనా పెట్టుబడిదారు లోపలికి వచ్చే ముందు గానీ జరిగే పరిశీలనలో ఆ కేటాయింపే ప్రశ్నార్థకమవుతుంది.

చిన్న కంపెనీలకు సెక్షన్ 446బీ కింద జరిమానా సగానికి మించకూడదన్న రాయితీ ఉంది. గడువు దాటిననాడు మీది చిన్న కంపెనీ కాదు కాబట్టి అది తనంతట తానుగా వస్తుందనుకోవద్దు. అడగడం మాత్రం అడగండి. ముందు డీమ్యాట్ పూర్తి చేసి, తర్వాత జీఎన్‌ఎల్-1 దరఖాస్తు ద్వారా మీరే కంపెనీల రిజిస్ట్రార్ ముందుకు వెళ్లి నిర్ణయం కోరడం మంచిది. నోటీసు వచ్చాక ఇచ్చే సంజాయిషీకీ, ముందే ఒప్పుకుని సరిదిద్దుకున్న కంపెనీ చెప్పే మాటకూ ఎంత తేడా ఉంటుందో ఇరవయ్యేళ్లకు పైగా చూస్తున్నాను. ఆదేశం నచ్చకపోతే 60 రోజుల్లో రీజినల్ డైరెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చెబుతాను. ముందు ఆర్టికల్స్ (కంపెనీ అంతర్గత నియమావళి) చూడండి. డీమ్యాట్ రూపంలో షేర్లు ఉంచుకోవడానికి వీలిచ్చే క్లాజు లేకపోతే ప్రత్యేక తీర్మానంతో చేర్చుకోవాలి. తర్వాత ఒక ఆర్‌టీఏను, అంటే షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్ అండ్ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్‌ను నియమించుకోవాలి. షేర్లను ఎలక్ట్రానిక్‌గా ఉంచే డిపాజిటరీ (ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్), ఆర్‌టీఏ, మీ కంపెనీ ముగ్గురి మధ్య ఒప్పందం కుదిరాక మీ షేర్లకు ఐఎస్‌ఐఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. డిపాజిటరీకీ ఆర్‌టీఏకూ రెండేళ్ల ఫీజుకు తగ్గకుండా డిపాజిట్ కట్టాలి. వాటాదారులు ఎవరికి వారు డీపీ (డిపాజిటరీ తరఫున ఖాతాలు తెరిచే బ్యాంకు లేదా బ్రోకరు) దగ్గర డీమ్యాట్ ఖాతా తెరిచి, అభ్యర్థన పత్రంతో పాటు అసలు సర్టిఫికెట్లు ఇస్తారు. వినడానికి ఇంతే.

ఆగిపోయేది ఎక్కడో చెబుతాను. ఆర్‌టీఏ మొట్టమొదట అడిగేది క్యాపిటల్ బిల్డప్ పట్టిక: కంపెనీ పుట్టిన రోజు నుంచి ఏ తేదీన ఎన్ని షేర్లు ఎవరికి కేటాయించారు, ఏ పాస్-3 (షేర్ల కేటాయింపు ఫారం) కింద దాఖలు చేశారు, పాత చట్టం రోజులైతే ఏ ఫారం-2 కింద, సభ్యుల రిజిస్టరులో ఫోలియో ఎంత, సర్టిఫికెట్ మీది డిస్టింక్టివ్ నంబర్లు (షేర్ల వరుస సంఖ్యలు) ఎక్కడి నుంచి ఎక్కడి దాకా. వార్షిక రిటర్న్‌లోని వాటాదారుల జాబితాకూ మీ రిజిస్టరుకూ పది షేర్ల తేడా వచ్చినా అక్కడే నిలిచిపోతుంది. కుటుంబ కంపెనీల్లో ఇది చాలా మామూలు. ఎప్పుడో బాబాయి పేరు మీదికి మార్చినట్టు రిటర్న్‌లో రాస్తారు, సర్టిఫికెట్ వెనకవైపు బదిలీ ఎక్కించరు.

రెండోది పేరు. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరాలతో. పదిహేనేళ్ల నాటి సర్టిఫికెట్ మీద ‘కె.వి.ఎస్. రావు’ అని ఉంటుంది, పాన్ కార్డు మీద నాలుగు పదాల పూర్తి పేరు ఉంటుంది, డీమ్యాట్ ఖాతా పాన్ ప్రకారమే తెరుచుకుంటుంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని రుజువు చేసే అఫిడవిట్, కంపెనీ బోర్డు తీర్మానం ముందే సిద్ధం చేసుకోండి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక కంపెనీలో పెద్దాయన సర్టిఫికెట్లు పాడవకూడదని అన్నిటినీ చక్కగా ల్యామినేషన్ చేయించి పెట్టారు. డీమ్యాట్ కోసం అప్పగించినట్టు సర్టిఫికెట్ మీద అడ్డంగా ముద్ర వేయాలి. ప్లాస్టిక్ మీద ఆ సిరా నిలవలేదు, డీపీ వాళ్లు తిప్పి పంపారు. బోర్డు తీర్మానం చేసి, వాటిని రద్దు చేసి, వాటి స్థానంలో కొత్తవి ఇచ్చి మళ్లీ మొదటి నుంచి నడిచాం. మీ బీరువాలో ఉన్నవాటిని ఒకసారి బయటికి తీసి చూడండి.

మీ నాన్నగారి షేర్ల విషయం వేరు. మీరు ‘బదిలీ’ అన్నారు కానీ ఇది ట్రాన్స్‌ఫర్ కాదు, ట్రాన్స్‌మిషన్. చట్టప్రకారం వారసులకు సంక్రమించేది. బదిలీకి వాడే ఎస్‌హెచ్-4 ఫారం అక్కర్లేదు, చనిపోయినవారి పేరున డీమ్యాట్ ఖాతా తెరవనూ లేరు. ఆయన ఎస్‌హెచ్-13 కింద నామినేషన్ ఇచ్చి ఉంటే పని సులువు. లేకపోతే మరణ ధ్రువీకరణ పత్రం, వీలునామా గానీ వారసత్వ పత్రాలు గానీ, మీ అమ్మగారితో సహా మిగిలిన వారసుల సమ్మతి తీసుకుని బోర్డు దాన్ని సభ్యుల రిజిస్టరులో నమోదు చేస్తుంది. ఆ తర్వాత మీరూ మీ తమ్ముడూ మీ పేర్ల మీద డీమ్యాట్ చేయించుకుంటారు. అక్కచెల్లెళ్లు ఉంటే వారి సంతకాలు మర్చిపోవద్దు. ఇక్కడ తొందరపడిన కుటుంబాల తగాదాలు కంపెనీ లా ట్రిబ్యునల్ దాకా వెళ్లడం నేనెరుగుదును.

అంటే వరుస ఇది: ట్రాన్స్‌మిషన్, ఆ వెంటనే అందరి షేర్ల డీమ్యాట్, ఆ తర్వాతే రైట్స్ ఆఫర్. కొత్త షేర్లు నేరుగా డీమ్యాట్ ఖాతాల్లోకి రావాలి. కొత్త కేటాయింపు మీద 0.005 శాతం స్టాంప్ డ్యూటీ డిపాజిటరీ ద్వారానే వసూలవుతుంది. ఐఎస్‌ఐఎన్ వచ్చాక ప్రతి అర్ధ సంవత్సరం ముగిసిన 60 రోజుల్లో, ఒక్క షేరు కదలకపోయినా, ప్రాక్టీసులో ఉన్న కంపెనీ సెక్రటరీ లేదా చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరణతో పాస్-6 (షేర్ల లెక్క సరిపోల్చే నివేదిక) దాఖలు చేయాలి. నా అంచనాలో ఈ మొత్తానికి మీకు మూడు నెలలు పడుతుంది. కోటిన్నర ఎప్పటికి కావాలో దాన్నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు మీ ఆడిటర్ గారు చెప్పిన నిజమైన సగానికి వస్తాను. 2025 డిసెంబరు 1 నుంచి మీది చిన్న కంపెనీయే, రైట్స్ ఇష్యూ తర్వాత 6.70 కోట్లకు చేరినా అలాగే ఉంటుంది. ఏడాదికి నాలుగు బోర్డు సమావేశాల బదులు, క్యాలెండర్ సంవత్సరంలోని ఒక్కో అర్ధభాగంలో ఒకటి చొప్పున, మధ్యలో 90 రోజులకు తగ్గకుండా, రెండు చాలు. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అక్కర్లేదు. వార్షిక రిటర్న్ సంక్షిప్తమైన ఎంజీటీ-7ఏలో వేయవచ్చు. ఆడిట్ నివేదికకు జతపరిచే కారో 2020 (ఆడిటర్ అదనంగా నివేదించాల్సిన అంశాల ఉత్తర్వు) మీకు వర్తించదు. నాకు అన్నిటికంటే పెద్ద ఊరట అదే అనిపిస్తుంది, మధ్యస్థాయి కంపెనీల ఆడిట్‌లో నెలల తరబడి కాగితాలు అడిగేది దానికోసమే. ఒక తమాషా కూడా ఉంది. 10 కోట్లు లేదా అంతకు మించి పెయిడప్ క్యాపిటల్ ఉన్న ప్రైవేట్ కంపెనీ పూర్తికాలపు కంపెనీ సెక్రటరీని పెట్టుకోవాలన్న నిబంధన అలాగే ఉంది, చిన్న కంపెనీకి పరిమితి 10 కోట్లు మించకపోవడం. కాబట్టి సరిగ్గా 10 కోట్ల క్యాపిటల్ ఉన్న కంపెనీ చిన్న కంపెనీ అవుతూనే సెక్రటరీని కూడా పెట్టుకోవాలి. ముందు ముందు క్యాపిటల్ పెంచుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

చిన్న కంపెనీ అయినా వదలనివి కొన్ని ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేసే ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఏడాదంతా పనిచేసిందా లేదా అన్నది ఆడిటర్ తన నివేదికలో రాసి తీరాలి. మార్చి నెలాఖరున పాత తేదీలతో ఎంట్రీలు సరిచేసే అలవాటు ఇంకా ఉంటే, ఆ చెరిపివేతలన్నీ ఇప్పుడు లాగ్‌లో కూర్చుని ఉంటాయి.

సరఫరాదారుల చెల్లింపుల విషయంలో మీరు మరింత జాగ్రత్తగా ఉండాలి. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్నదానికి లిఖిత ఒప్పందం ఉంటే అందులోని గడువు, అదీ 45 రోజులకు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఆలోగా చెల్లించాలి. ఆ గడువు దాటిన బాకీ చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా లెక్కకు వస్తుందన్న ఆదాయపు పన్ను నియమం, 43బీ(హెచ్), 2024–25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం కూడా ఆ సూత్రాన్ని వదలలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ పరిమితి 10 కోట్ల టర్నోవర్‌కు, చిన్న సంస్థది 100 కోట్లకు పెరిగింది కాబట్టి, నిన్నటిదాకా మధ్యతరహా అనుకున్న మీ సరఫరాదారు నేడు చిన్న సంస్థ అయి ఉండవచ్చు. అందరి ఉద్యమ్ సర్టిఫికెట్లూ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల, అంటే ఎంఎస్‌ఎంఈల నమోదు పత్రాలు) మళ్లీ తెప్పించుకోండి. 45 రోజులు దాటిన బాకీలుంటే ఏప్రిల్ 30లోగా, అక్టోబరు 31లోగా ఎంఎస్‌ఎంఈ-1 ఫారం వేయాలి. చాలామంది ఇక్కడ రెండు ‘చిన్న’లను కలిపేస్తారు: కంపెనీల చట్టంలో చిన్న కంపెనీ వేరు, ఎంఎస్‌ఎంఈ చట్టంలో చిన్న సంస్థ వేరు, ఒకటైనంత మాత్రాన రెండోది కాదు.

డైరెక్టర్ల కేవైసీ ఏటా సెప్టెంబరు 30లోగా ఇవ్వాల్సింది 2026 మార్చి 31 నుంచి మూడేళ్లకోసారి అయింది. మొబైల్, ఈమెయిల్, చిరునామా మారితే మాత్రం ఆ మూడేళ్లూ ఆగకుండా తెలియజేయాలి. 9బీ వచ్చిన రోజే వచ్చిన మరో చిన్న మార్పును ఎక్కువమంది గమనించలేదు: షేర్ల అసలు లబ్ధిదారుల వివరాలు రిజిస్ట్రార్ అడిగితే ఇచ్చేందుకు ఒక వ్యక్తిని కంపెనీ నియమించి, ఆ సంగతి వార్షిక రిటర్న్‌లో చెప్పాలి. ఎవరినీ నియమించకపోతే మీ కంపెనీలో ఆ బాధ్యత డైరెక్టర్ల మీదే పడుతుంది.

కంపెనీ చట్టానికి బయటిదే అయినా, నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయని మీ జీతాల గుమాస్తాకు చెప్పండి. భత్యాలు మొత్తం వేతనంలో సగం దాటితే ఆ దాటినంతా ‘వేతనం’లోనే కలుస్తుంది, దాంతో గ్రాట్యుటీ లెక్క పెరుగుతుంది. మానేసిన మనిషికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

చివరగా, మీరు ముందు చేయాల్సింది ఒక్కటే. 2023, 2024, 2025 మార్చి 31 తేదీల నాటి ఆడిటైన బ్యాలెన్స్ షీట్లు మూడూ, సభ్యుల రిజిస్టరూ, బీరువాలోని సర్టిఫికెట్లూ ఒకే బల్ల మీద పెట్టి, నంబర్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో మీ తమ్ముడితో కలిసి ఒక పూట కూర్చుని చూడండి. తేడా ఎక్కడ వచ్చిందో రాస్తే దాన్ని ఎలా సరిచేయాలో అప్పుడు చెబుతాను.